చిల్లుల్లేని లేసు

2022లో దీపావళి సోమవారం వచ్చింది. స్కూలుకి బయలుదేరే హడావిడిలో ఉండగా పాలకొల్లు నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. పన్నెండేళ్ళ మా అమ్మాయి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"పండగ పూట ఆ మొహమేంటే?"

"డాక్టర్ చచ్చిపోయింది అమ్మమ్మా" అంది, మళ్ళీ గొంతు పూడుకుపోయి.

అమ్మ కంగారుపడిపోయింది. "ఎవరూ, డాక్టర్ బాబా? మొన్నేగా తిరిగొచ్చాడు!"

రెండు దేశాల్లో రెండు సీరియళ్ళు, రెండింట్లోనూ ఒక డాక్టరు. అమ్మది కార్తీకదీపం. వంటలక్కనీ డాక్టర్ బాబునీ యాక్సిడెంట్లో చంపేసి, కొన్ని నెలలకి మళ్ళీ తెచ్చింది ఆ ఏడాదే. మా అమ్మాయిది బీబీసీ వాళ్ళ డాక్టర్ హూ. పాతకాలపు పోలీసు బాక్సులాంటి నీలం డబ్బాలో కూర్చుని కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే గ్రహాంతరవాసి కథ. చావు మీదికొచ్చినప్పుడు డాక్టర్ ఒళ్ళంతా వెలుగైపోయి, కొత్త మొహంతో లేస్తాడు. నటుడు మారినప్పుడల్లా ఈ కిటుకే వాడుకుంటూ, మధ్యలో ఆగినా, 1963 నుంచి లాక్కొస్తున్నారు. ముందురోజు రాత్రి పోయింది జోడీ విట్టేకర్ వేసిన పదమూడో డాక్టర్. ఇదంతా మా పిల్ల వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"ఓస్, అవతారాలన్నమాట. దశావతారాలు" అంది అమ్మ.

"పది దాటిపోయాయి అమ్మమ్మా. ఈవిడ లేడీ కూడా."

"అయితే ఏం? మోహిని లేదూ?"

ఆ సీరియల్ గురించి అంత సులువుగా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకైతే దాని పేరు చెబితేనే మంట. మేం ఉండేది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. 2005లో సీరియల్ మళ్ళీ మొదలైనప్పటి నుంచీ తీస్తున్నది ఇక్కడే. తెర మీద లండన్ అని చూపించే వీధి చాలాసార్లు మా ఊరి వీధే. అంటే తప్పించుకుందామన్నా దారి లేదు. బజారుకి వెళ్తే "అమ్మా, ఇక్కడే ఆ సీన్" అని ఆగిపోతుంది.

నా బాధ వేరే ఉంది. తెలుగు క్లాసు, కూచిపూడి, సంక్రాంతికి బొమ్మల కొలువు, ఉగాదికి హాలు అద్దెకి తీసుకుని పచ్చడి, ఏదీ వదలకుండా చేశాం. మా అమ్మాయి మాత్రం ఆ ఫంక్షన్లలో అందరూ కోట్లు పడేసే గదిలో దూరి కూర్చునేది. "మీ పాప ఎవరితోనూ కలవదేంటండీ" అని ఎవరో ఒకరు అనకుండా ఒక్క పండగా గడవలేదు. ఆ కోపమంతా సీరియల్ మీద చూపించేదాన్ని. సీరియళ్ళు చూసి బాగుపడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఒకరోజు అరిచాను. అది చాలా నిదానంగా, పీటర్ కపాల్డీ అనే ఆయన పదిహేనేళ్ళప్పుడు ఈ సీరియల్ గురించి రాసిన ఉత్తరం 1974లో రేడియో టైమ్స్ పత్రికలో అచ్చయిందనీ, తర్వాత నలభై ఏళ్ళకి ఆయనే డాక్టర్ వేషం వేశాడనీ చెప్పింది. నా దగ్గర సమాధానం లేదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయన్న వంకతో లేచిపోయాను.

మా దగ్గర్లోని ఒక లైబ్రరీలో నెలకో శనివారం ఈ సీరియల్ పిచ్చివాళ్ళంతా చేరతారు. పన్నెండేళ్ళ వాళ్ళ నుంచి డెబ్బై దాటినవాళ్ళ దాకా. చిన్నపిల్లలైతే పెద్దవాళ్ళు తోడుండాలన్నారు కాబట్టి, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఒక పుస్తకం పట్టుకుని వెళ్ళి మూల కూర్చున్నాను. పుస్తకం తెరిస్తే ఒట్టు. మన పార్టీల్లో రెండు ముక్కలు మాట్లాడని పిల్ల, రిటైరైన ఒక బస్సు డ్రైవరుతో నలభై నిమిషాలు వాదిస్తోంది. 1960లు, 70లలో బీబీసీ వాళ్ళు టేపులు చెరిపేసుకోవడం వల్ల పాత ఎపిసోడ్లు చాలా పోయాయట. బొమ్మ పోయినా మాట మిగలడానికి కారణం అభిమానులు. టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని ఇంట్లో రికార్డు చేసుకున్నారు. వాదన ఏమిటంటే, బొమ్మ లేకుండా మాట ఒక్కటే వింటే అది చూసినట్టా కాదా అని. చిన్నప్పుడు రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి, ఎవరూ దగ్గకండర్రా అని ఇంటిల్లిపాదినీ బెదిరించి పాటలు పట్టుకున్న దాన్ని నేను. చూసినట్టే అని మధ్యలో నోరు జారాను. బస్సు డ్రైవరు గారు కుర్చీ ఇటు లాగి నా పక్కన వేసుకున్నారు.

గారు అంటున్నాను కానీ మా అమ్మాయి ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుంది. కార్లో తగులుకున్నాను. "డెబ్బై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలుస్తావా? కనీసం అంకుల్ అనొచ్చుగా."

"ఆయన అంకుల్ కాదమ్మా. ఫ్రెండ్."

ఈ ఒక్క విషయంలో నేనింకా దారికి రాలేదు. ఆయన్ని ఎలా పిలవాలో తెలియక రెండేళ్ళుగా "ఎక్స్‌క్యూజ్ మీ" తోనే నెట్టుకొస్తున్నాను.

ఆ గదిలోనే ఇంకో చివర అల్లిక బల్ల. 1974 నుంచి 1981 వరకూ డాక్టర్ వేసిన టామ్ బేకర్ మెడలో నేలకి జీరాడే చారల స్కార్ఫ్ ఉండేది. దాని వెనకో కథ. దుస్తుల డిజైనరు బోలెడన్ని రంగుల ఊలు ఇచ్చి అల్లమంటే, బెగోనియా పోప్ అనే ఆవిడ అందులో కావలసినంత తీసుకోవాలని తెలియక ఉన్నదంతా అల్లేసిందట. ఆ పొడుగే బాగుందని అలాగే వాడారు. అది చూసి ఎన్ని వేలమంది అల్లిక నేర్చుకున్నారో! ఆ బల్ల దగ్గరి ఆడవాళ్ళు నన్ను అడిగారు, నీకు వచ్చా అని. నాకు రాదు, మా అమ్మకి వచ్చు అన్నాను. ఊలు కాదు, లేసు. మిషనరీలు 19వ శతాబ్దంలో మా నరసాపురం వైపు నేర్పి వెళ్ళిన క్రోషే అల్లిక. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు యూరప్ బల్లల మీదికి వస్తుందని చెప్పాను. ఆ రోజు నేను ఎంత మాట్లాడానంటే, ఫ్లాస్కులో టీ అలాగే చల్లారిపోయింది. ఈ దేశం వచ్చాక మా ఊరి గురించి నన్ను అంతసేపు అడిగినవాళ్ళు లేరు.

2023 జూన్‌లో అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చింది. మనవరాలు మొదట చూపించింది పంజాబ్ విభజన మీద 2018లో వచ్చిన ఎపిసోడ్. డాక్టర్‌తో తిరిగే యాజ్ అనే అమ్మాయి, కాలంలో వెనక్కెళ్ళి 1947 ఆగస్టులో తన అమ్మమ్మ పెళ్ళి చూస్తుంది. "విభజనంటే 2014లోదా?" అంది అమ్మ. కాదని చెప్పాక కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. అయిపోయాక కళ్ళు తుడుచుకుంటూ, అందులో ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ కథంతా తెలిసిపోయిందంది.

ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది. "అమ్మమ్మా, డాక్టర్ మనల్ని నీ చిన్నప్పటికి తీసుకెళ్తే నువ్వేం చేస్తూ కనిపిస్తావు?"

"లేసు అల్లుతూ" అంది అమ్మ వెంటనే. దారం కట్టలు ఏజెంటు తెచ్చి ఇచ్చేవాడు. అల్లినవి పట్టుకెళ్ళేవాడు. ముక్కకి ఇంతని కూలి, అందులోనూ మాసిందనో వదులైందనో కోత. తెల్ల దారం మాయకూడదని వంట పూర్తయి చేతులు కడుక్కున్నాకే పట్టుకునేది. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి దాన్ని ఎవరూ పని అనలేదు. "మా అమ్మాయి ఖాళీగానే ఉంటుంది" అనేవారట మా తాతగారు. నేను పుట్టి పెరిగిన ఇంటి కథే ఇది. నేనెప్పుడూ అడగలేదు.

తరవాతి శనివారం అమ్మని లైబ్రరీకి తీసుకెళ్ళాం. అప్పుడు ఆ బల్ల వాళ్ళు నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి నూలు ఆక్టోపస్‌లు అల్లుతున్నారు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన అలవాటు. ఆ మెలికల కాళ్ళు పట్టుకుంటే పసివాళ్ళకి బొడ్డుతాడు పట్టుకున్నట్టు ఉంటుందని, ట్యూబులు లాక్కోరని అంటారు. అన్ని ఆస్పత్రులూ తీసుకోవు, ముందు వార్డులో అడగాలి. కొలతలు కచ్చితం. కాలు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదు. లోపల కూరిన దూది బయటికి రాకూడదు, పసివేళ్ళు ఇరుక్కునే సందు ఉండకూడదు. మా సీరియల్ మూకకి మాత్రం అవి ఆక్టోపస్‌లు కావు, డాక్టర్ హూలో మొహం మీద తొండాలు వేలాడే ఊడ్ అనే జీవులు.

అమ్మ అల్లిన మొదటిది చూడముచ్చటగా ఉంది. కానీ పనికిరాలేదు. తల నిండా చిల్లులు. దూది తెల్లగా కనిపిస్తోంది. చూసేవాళ్ళు మొహమాటంతో ఏమీ అనలేదు గానీ అమ్మకే అర్థమైంది. "యాభై ఏళ్ళు అందంగా చిల్లులు పెట్టిన చెయ్యే ఇది. లేసంటేనే చిల్లులు. ఇప్పుడు పూడ్చమంటే ఎలా?" అని నాతో తెలుగులో గొణిగింది. సూది సైజు తగ్గించింది. దారాన్ని చిటికెన వేలికి రెండుసార్లు చుట్టి బిగించింది. విప్పింది, అల్లింది, మళ్ళీ విప్పింది. మధ్యాహ్నం మూడింటికి, నొక్కి చూస్తే రాయిలా బిగుతుగా ఉన్న పసుపుపచ్చ ఆక్టోపస్ ఒకటి బల్ల మీద పెట్టింది. ఆ ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ చూశారు. ఒక పెద్దావిడ అమ్మని గట్టిగా వాటేసుకుంది. దీన్ని వెల్ష్‌లో కుచ్ అంటారు. అమ్మ కర్రలా నిలబడిపోయింది. జన్మలో పరాయివాళ్ళెవరూ ఆవిణ్ణి అలా వాటేసుకుని ఉండరు.

తిరిగొస్తూ కార్లో అడిగింది. "డబ్బులివ్వరా?"

"ఇవ్వరమ్మా. సేవ."

"మరి ఏజెంటెవరు?"

"ఎవరూ లేరు."

కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే మాసిందని ఎవరూ కొయ్యరు" అంది. నవంబరులోగా 31 అల్లింది. మనవరాలికి చారల స్కార్ఫ్ కూడా. అది ఊలు సూదులతో అల్లాలి గానీ క్రోషేతో అల్లితే అసలుది కాదని గ్రూపులో ఒక చాదస్తుడు అన్నాడు. మా అమ్మాయి వాడితో రెండు నెలలు మాట్లాడలేదు.

బస్సు డ్రైవరు గారు మంగళవారాలు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్‌బ్యాంకులో పనిచేస్తారు. ఆయన వెంట నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. వచ్చిన డబ్బాల మీద గడువు తేదీని లావు మార్కరుతో పెద్దగా రాసి, ముందు అయిపోయేవి ముందుకి సర్దాలి. వోచరు తెచ్చినవాళ్ళకి మూడు రోజులకి సరిపడా కట్టి ఇవ్వాలి. ఇప్పుడు మా అమ్మాయి కూడా, ఇక్కడి టీనేజీ పిల్లలు సేవా అవీ చేసి తెచ్చుకునే డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు కోసం ఒక స్వచ్ఛంద సంస్థలో సేవ గంటలు చేస్తోంది. అందులో మొదటి మెట్టు బ్రాంజ్‌కి మూడు నెలలు చాలు. మన తెలుగు తల్లిదండ్రులు "గంటలయ్యాయా, సంతకం పెట్టించావా" అంటుంటే నాకు చిరాకు. నేను మాత్రం తక్కువ తిన్నానా, మొదట నేనూ అదే అడిగాను.

ఒక మంగళవారం ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. ఫోనులో "ఉంటా మామా" అనడం విన్నాను. లోపలికొచ్చి, నా నుదుటి బొట్టు చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. నాకు అర్థమైంది. డ్రైవరు గారికి సైగ చేసి వెనక గదిలోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా బీన్స్ డబ్బాలు మళ్ళీ లెక్కపెట్టాను. అతను వెళ్ళేదాకా రాలేదు. సంచిలో బియ్యం రెండో ప్యాకెట్ ఉండేలా మాత్రం చూశాను. ఉగాది ఫంక్షన్లో ఎదురుపడితే ఎవరం తల దించుకోవాలో ఇప్పటికీ తెలియదు.

అమ్మ వెళ్ళిపోయే ముందు మెర్మెయిడ్ కీ అనే రేవు దగ్గరికి తీసుకెళ్ళాం. నీటి ఒడ్డున ఒక గోడ నిండా ఫొటోలు, ఉత్తరాలు, వాడిన పూలు. డాక్టర్ హూ నుంచి పుట్టిన టార్చ్‌వుడ్ సీరియల్లో ఇయాంటో జోన్స్ అనే పాత్ర 2009లో చనిపోతే అభిమానులు కట్టుకున్న స్మారకం. అతన్ని బతికించమని బీబీసీకి కాఫీ ప్యాకెట్లు పంపారట, అతను కాఫీ బాగా పెడతాడని. బతికించలేదు. ఆ ఏడుపుతోనే బీబీసీ వాళ్ళ పిల్లల సహాయ సంస్థ చిల్డ్రన్ ఇన్ నీడ్‌కి చందాలు పోగుచేశారు. అమ్మ ఇవేవీ వినలేదు. చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడింది.

"చిన్నవాడే పాపం. ఎలా పోయాడు?"

"సీరియల్లో పోయాడమ్మా."

నన్ను ఒక చూపు చూసింది. "వంటలక్క పోయినప్పుడు నేను రెండు రోజులు అన్నం తినలేదు. నువ్వు ఫోన్లో నవ్వావు" అంది.

ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు ముందు అల్లుడి సంగతి, తర్వాత మనవరాలి మార్కులు, ఆ తర్వాత పెద్దావిడ మోకాళ్ళు, డ్రైవరు గారి బీపీ. ఆఖర్న పెట్టేయబోతూ అడుగుతుంది.

"ఆ గోడ దగ్గర పూలు మార్చారా?"