అండర్‌కట్ కోసం బెంగుళూరు

బెంగుళూరులో మంచి స్టేక్ ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే ఎవరైనా టక్కున హోటల్ పేరు చెప్తారు. అది ఏ జంతువు, అందులో ఏ భాగం అని మాత్రం చెప్పరు, గట్టిగా అడిగితే మనల్ని వింతగా చూస్తారు. మొన్న వెళ్లొచ్చాక నాకు అర్థమైంది ఏంటంటే, హోటల్ పేరు మూడో ప్రశ్న. మొదటి రెండూ తేలకుండా మూడోది అడిగితే జేబుకి చిల్లు, పళ్లకి నొప్పి.

మేం సికింద్రాబాద్ వాళ్లం. మా ఇంట్లో ఆదివారం అంటే పెద్దకూరే, గోంగూర వేస్తే ఇంకా సంబరం. ఎండబెట్టిన తునకలు వానాకాలానికి దాచుకోవడం, కల్యాణి బిర్యానీ కోసం లైన్లో నిలబడటం, ఇవన్నీ చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ మందపాటి ముక్కని పెనం మీద అటోసారి ఇటోసారి కాల్చి, లోపల ఇంకా ఎర్రగా ఉండగానే కత్తితో కోసుకుని తినడం మాత్రం, అమెరికా నుంచి తిరిగొచ్చిన ఆఫీసు వాళ్లు లొట్టలేస్తూ చెప్తుంటే వినడమే తప్ప నోటికి అందలేదు. మా పెద్దమ్మ కొడుకు చాలా ఏళ్లుగా బెంగుళూరు లింగరాజపురంలో ఉంటున్నాడు. "కంటోన్మెంట్ పక్కనే ఉండి నీకు స్టేక్ తినిపించలేనా, రా" అన్నాడు ఫోన్లో. ఆ మాట చాలు.

కాచిగూడలో పొద్దున్నే యశ్వంతపూర్ వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నానికి దింపేస్తుంది. మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం, దారంతా మనవాళ్ల ఊళ్లే, రైల్లో సగం మాటలు తెలుగే. యశ్వంతపూర్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారి ఎం.జి. రోడ్‌లో దిగాను. ఆటో వాళ్లతో బేరం గురించి రాయడం మొదలుపెడితే ఇది ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేద్దాం.

ఆ సాయంత్రం అన్న ఆఫీసు కుర్రాళ్లు చెప్పిన చోటికి, ఇందిరానగర్ వైపు వెళ్లాం. పేరు రాయను. పసుపు లైట్లు, నల్ల ఏప్రాన్లు, ఒక గోడ నిండా ఆవు బొమ్మ, దాని ఒంటి మీద గీతలు గీసి ఏ భాగం పేరేంటో రాసిపెట్టారు. మెనూలో రిబ్ ఐ, అంటే పక్కటెముకల దగ్గరి వీపు ముక్క, ఉంది. ఇది ఎక్కడి మాంసం అని అడిగాను. "ఇంపోర్టెడ్ సార్" అన్నాడు. అన్న నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. మన దేశంలోకి బీఫ్ దిగుమతే నిషేధం, మరి విమానంలోంచి ఎలా దిగిందో ఆయనకే తెలియాలి. ఎంత కాల్చాలి అని మాత్రం అడగనేలేదు. కాసేపటికి చుయ్ చుయ్‌మంటూ పొగలు కక్కే ఇనుప ప్లేట్ వచ్చింది, కింద క్యాబేజీ ఆకు, పైన గరిటెడు సాస్, మధ్యలో మాంసం ఎక్కడుందో వెతుక్కోవాలి. కత్తి పెడితే జారుతోంది తప్ప దిగట్లేదు. నమలగా నమలగా దవడలు పట్టేశాయి. "రంపం ఏమైనా ఇస్తారేమో అడుగు" అన్నాడు అన్న. బిల్లు మాత్రం రెండు వేలు దాటింది.

తిరిగొస్తూ దారి పొడుగునా అన్న చెప్పిందే అసలు విషయం. కర్ణాటకలో పశువధ నిషేధ చట్టం 2020లో అసెంబ్లీలో పాసైంది, 2021 జనవరిలో ఆర్డినెన్స్‌గా అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1964 చట్టం ఉండేది, దాని ప్రకారం ఆవులు, దూడలు తప్ప, 12 ఏళ్లు దాటి పనికి రాకుండా పోయిన ఎద్దులని, గేదెలని కోయొచ్చు. కొత్త చట్టంలో ఎద్దులు కూడా పోయాయి. మిగిలింది 13 ఏళ్లు దాటిన గేదె, దున్న, అదీ అధికారి సర్టిఫికెట్ ఇస్తేనే. తప్పితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకోవచ్చు, నా బాధ పళ్లెం గురించి. అంటే ఈ రాష్ట్రంలో కోసిందైతే, చట్టం ప్రకారం ఆ స్టేక్ పదమూడేళ్లు బతికిన బర్రెది. గోడ మీద ఆవు బొమ్మ ఉత్తి బొమ్మే.

వయసైన జంతువు కండరంలో కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ గట్టిపడిపోతుంది. వీపు, తొడ, భుజం, ఏ కండరం ఎక్కువ పని చేస్తే అది అంత గట్టి. దాన్ని నీళ్లలో గంటల తరబడి ఉడికిస్తే ఆ కొల్లాజెన్ కరిగి జిగురుగా మారుతుంది, మన పెద్దకూరకి ఆ రుచి వచ్చేది అందుకే, కుక్కర్ అన్ని కూతలు పెట్టేదీ అందుకే. అదే ముక్కని నాలుగు నిమిషాలు పెనం మీద పెట్టి తీస్తే చెప్పు తోలే. అమెరికాలో రిబ్ ఐకి పేరొచ్చింది అంటే వాళ్లు లేత పశువుకి గింజలు మేపి, కండలో తెల్లటి కొవ్వు గీతలు పడేలా పెంచి, రెండేళ్లు అటూ ఇటూగా కోస్తారు కాబట్టి. ముసలి గేదె మాంసంలో ఆ కొవ్వు గీతలు ఉండవు. అలాంటప్పుడు బెంగుళూరులో రిబ్ ఐ ఆర్డర్ చేయడం, ఎండాకాలంలో తాటిముంజలు మానేసి ముదిరిన తాటికాయ కొరకడం లాంటిది.

మరి ఇక్కడ స్టేక్ ఎలా కుదురుతుంది? అది చూపించడానికే అన్న మర్నాడు పొద్దున్నే శివాజీనగర్ తీసుకెళ్లాడు. రస్సెల్ మార్కెట్ దగ్గర, పూల వాళ్లనీ పండ్ల వాళ్లనీ దాటుకుని బీఫ్ మార్కెట్ వైపు. అక్కడ నాకు భాష ఇబ్బందే లేదు, హైదరాబాద్ దక్ఖనీ అక్కడా చెల్లుతుంది. "క్యా హోనా భాయ్?" అన్నాడు కొట్టు పెద్దాయన. అండర్‌కట్ అన్నాను. ఆ మాటకి ఆయన మొహంలో కాస్త మర్యాద పెరిగింది, ఇంగ్లీషు మెనూల్లో టెండర్‌లాయిన్, ఫిలే అని రాసేది మార్కెట్లో అండర్‌కట్టే.

వెన్నెముకకి కింద, లోపలి వైపు, కిడ్నీల దగ్గర నుంచి తుంటి దాకా చెరో పక్క ఒక పొడవాటి కండరం ఉంటుంది. నడిచినా, బండి లాగినా దానికి పెద్దగా పని ఉండదు, అందుకే పదమూడేళ్ల గేదెలో కూడా అది మెత్తగానే ఉంటుంది. ఒక జంతువుకి రెండే. హోటళ్ల వాళ్లు ముందే చెప్పి పెట్టుకుంటారట, ఎండెక్కాక వస్తే దొరకదు అన్నాడు. బల్ల మీద పరిచాడు, మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా ఉంటుందేమో, ఒక కొస లావు, ఇంకో కొస తోకలా సన్నం. రంగు ముదురు ఎరుపు, దాదాపు నేరేడు పండు. పైన తళతళలాడే తెల్ల పొర ఒకటి. ఆయన కత్తి మొనని ఆ పొర కింద దూర్చి, ఎడం చేత్తో పొరని లాగిపట్టి, కత్తి అంచుని మాంసం వైపు కాకుండా పొర వైపు తిప్పి ఒక్క ఊపున జరిపాడు. రిబ్బన్‌లా ఊడి వచ్చింది, దానికి చిటికెడు మాంసం కూడా అంటలేదు. "ఇది వదిలేస్తే కాలినప్పుడు ముడుచుకుపోతుంది, ముక్క వంకర తిరుగుద్ది" అని చెప్తూనే రెండోది తీశాడు. మధ్య భాగం ఒక్కటే ఇమ్మంటే ఇవ్వనన్నాడు, తీసుకుంటే మొత్తం తీసుకో. న్యాయమే, తోక ఎవరు కొంటారు. మొత్తం తీసుకుని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేసి, మధ్యాహ్నానికి మ్యూజియం రోడ్‌కి బయల్దేరాం.

ఈ ఊరికి స్టేక్ ఎక్కడి నుంచి వచ్చింది అంటే కంటోన్మెంట్ నుంచే. ఇంగ్లీషు వాళ్లు 1809లో శ్రీరంగపట్నం నుంచి దండు ఇక్కడికి మార్చారు, దాంతో పాటే చర్చిలు, క్లబ్బులు, బేకరీలు, కత్తీ ఫోర్కుల భోజనం. రెసిడెన్సీ రోడ్‌లో ఉన్న బెంగుళూరు క్లబ్‌లో చర్చిల్ కుర్ర సోల్జర్‌గా ఉన్నప్పుడు కట్టకుండా పోయిన 13 రూపాయల బాకీ ఇప్పటికీ లెక్కల పుస్తకంలో ఉంది. గేదెకి 13 ఏళ్లు, చర్చిల్‌కి 13 రూపాయలు, ఈ ఊరికి ఆ అంకెతో ఏదో ఉంది.

మ్యూజియం రోడ్‌లో ది ఓన్లీ ప్లేస్ అని ఒకటుంది. 1960ల్లో హరూన్ సులేమాన్ సేట్ అనే ఆయన మొదలుపెట్టాడు, అప్పట్లో ఇక్కడికొచ్చిన అమెరికన్ పీస్ కోర్ (స్వచ్ఛంద సేవా సంస్థ) కుర్రాళ్లకి ఇంటి తిండి గుర్తొచ్చేలా వండిపెడుతూ పేరు తెచ్చుకుంది అంటారు. స్టేకులకీ, యాపిల్ పై అనే తీపి వంటకానికీ ప్రసిద్ధి. బెంగుళూరు పాతకాపులు ఎవరినడిగినా ముందు ఈ పేరే వస్తుంది, ఆ తర్వాతే కొత్తవి. మేం వెళ్లేసరికి పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ మనవడికి ఫోర్క్ ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పిస్తోంది, వాడు పట్టించుకోకుండా చిప్స్ తింటున్నాడు.

నేను ఫిలే, మీడియం రేర్. అన్న మీడియం. సాస్ పక్కన గిన్నెలో ఇమ్మన్నాం. మొదటిసారి తినేవాళ్లకి ఒక మాట. రేర్ అంటే లోపల యాభై డిగ్రీలు దాటుతుందంతే, మీడియం రేర్ అంటే 55 దగ్గర, మీడియం అంటే 60, వెల్ డన్ అంటే 70 పైన. గేదె మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి వెల్ డన్ అడిగితే తడి చాలావరకు బయటికి పోయి పీచు మిగులుతుంది. మనవాళ్లకి భయం ఎర్రదనం చూసి, "రక్తం కారుతోంది" అంటారు. అది రక్తం కాదు, కోసినప్పుడే రక్తం దాదాపుగా పోతుంది. కండరంలో మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది నీళ్లలో కలిసి ఎర్రగా కనిపిస్తుంది. కీమాకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, అది లోపలి దాకా ఉడకాల్సిందే, ఎందుకంటే పైన ఉండే క్రిములు రుబ్బినప్పుడు లోపలికి పోతాయి. అలాగే గర్భిణులూ చిన్నపిల్లలూ పూర్తిగా కాల్చిందే తినాలి.

ముక్క వచ్చింది. రెండు వేళ్ల మందం, పైన చింతపండు రంగు, కోస్తే లోపల గులాబీ. కత్తి ఏం కష్టపడలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నేను ఉప్పు, మిరియాలు, కాలిన వాసన, దాని వెనక మాంసం రుచి, అంతే వెతుక్కున్నాను, అన్నీ దొరికాయి. మసాలా లేకుండా మాంసానికి ఇంత రుచి ఉంటుందా అనిపించింది నిజంగా. కొవ్వు తక్కువ కాబట్టి వెన్న కావాల్సిందే, పక్కనున్న ఆలుగడ్డతో కలిపి తింటే ఇంకా బాగుంది. సాస్ గిన్నె అన్న వైపు జరిపేశాను. చివర్లో యాపిల్ పై ఒకటి తీసుకుని ఇద్దరం పంచుకున్నాం, దాల్చినచెక్క వాసన చెయ్యి కడిగినా పోలేదు.

ఇప్పుడు నన్నెవరైనా అడిగితే చెప్పేది ఇదీ. హోటల్‌కి వెళ్లేముందు ఫోన్ చేసి "మీ స్టేక్ టెండర్‌లాయినేనా?" అని అడగండి. అవునంటే వెళ్లండి, తడబడితే వద్దు. ఎలా కాల్చాలో అడగని చోట సూప్ తాగి వచ్చేయండి. ఇనుప ప్లేట్ మీద పొగలు కక్కుతూ వచ్చేది సిజ్లర్, అది వేరే వంటకం, దాని సరదా దానిది, కానీ ఆ వేడి ప్లేట్ మీద మాంసం మీ ముందే ఇంకా ఉడుకుతూ ఉంటుంది కాబట్టి మీడియం రేర్ అడిగినా తినేలోపు వెల్ డన్ అయిపోతుంది.

రాత్రికి ఫ్రిజ్‌లో ఉన్న అండర్‌కట్ బయటికొచ్చింది. గంట ముందే ఉప్పు రాసిపెట్టి, కాల్చబోయే ముందు గుడ్డతో తడి మొత్తం అద్దాను, తడి ఉంటే ముక్క ఉడుకుతుంది తప్ప కాలదు. వదిన దోసెల ఇనుప పెనాన్ని పొగలొచ్చే దాకా వేడి చేసి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు, చివర్లో వెన్న, దంచిన వెల్లుల్లి. దించి ఐదు నిమిషాలు కదపకుండా పక్కన పెట్టాలి, వెంటనే కోస్తే రసం అంతా పళ్లెంలోకే పోతుంది. ఆ ఐదు నిమిషాలు అన్నని ఆపడమే కష్టమైంది.

వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. "పచ్చిది తినడానికి హైదరాబాద్ నుంచి రైలెక్కి వచ్చావా?" అంది. ఒక ముక్క ఇస్తే అంచున కాలిన భాగం కొరికి, మిగతాది తిరిగి ఇచ్చేసింది. తర్వాత పెద్దాయన అంటగట్టిన తోక భాగం తీసుకుని సన్నగా తరిగి, పచ్చిమిర్చి, కరివేపాకు, దంచిన మిరియాలు వేసి అదే పెనం మీద వేపుడు చేసింది. ఆ వాసనకి అన్న లేచాడు. రెండు స్టేకులు తిన్నవాడు కంచంలో అన్నం పెట్టుకుని వేపుడు కలుపుకుంటుంటే, వదిన ఫోర్క్ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది మర్చిపోయావు" అంది.