మంచు వేదిక ముందు రెండు సాయంత్రాలు

ఊరూరా తిరిగే ఐస్ స్కేటింగ్ ప్రదర్శనకు మా పాపను మొదటిసారి తీసుకువెళ్లినప్పుడు తనకు మూడేళ్లు నిండలేదు. విరామం రాకముందే, ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. ఏడాదిన్నర తరువాత మరో బృందం ప్రదర్శన ఇచ్చినప్పుడు మళ్లీ వెళ్లి, చివరి వరకు కూర్చోగలిగాం. వయసు పెరగడం ఇందుకు కొంత కారణమే అయినా, నేను టికెట్ కొన్న తీరులోనే అసలు తేడా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదటిసారి ముందు వరుస తీసుకున్నాను. పాపకు దగ్గరగా కనిపిస్తుందని చెప్పుకున్నాను కానీ, ముందు కూర్చోవాలన్న సరదా నాదే. చల్లని గాలి బరువైనది కాబట్టి కిందికి దిగి, మంచు పక్కనున్న వరుసలలోనే నిలిచిపోతుంది. ఒక పల్చటి స్వెటరుతో వచ్చిన పిల్ల పది నిమిషాలకే వణకసాగింది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోవడం, ఆ వెంటనే స్పీకర్ల మోత మొదలవడం, పెద్ద బొమ్మ తల తగిలించుకున్న వేషగాడు కంచె దాకా జారుతూ వచ్చి పాప వైపు చేయి చాచడం, ఇవన్నీ ఒక నిమిషంలో జరిగిపోయాయి. అతడు ప్రేమగానే వచ్చాడు. దూరంగా బొమ్మలా ఉండవలసినది మనిషి కంటే పెద్దదై మీదికి వస్తే మూడేళ్ల పిల్ల ఏం చేస్తుందో ఆలోచించవలసినవాణ్ణి నేను.

రెండోసారి మధ్య ఎత్తులో, నడవ పక్కన, స్పీకర్లకు దూరంగా ఉన్న సీట్లను ఎంచుకున్నాను. విరామంతో కలిపి దాదాపు రెండు గంటలు సాగే ప్రదర్శన కాబట్టి, పాప మధ్యాహ్నం నిద్ర లేచాక మొదలయ్యే ఆటనే తీసుకున్నాను. మోత తగ్గించే పిల్లల ఇయర్ మఫ్‌లు ముందుగానే కొని, ఇంట్లో రెండు రోజులు పెట్టి అలవాటు చేశాం. గదిలో దీపం ఆర్పి అయిదు లెక్కపెట్టి మళ్లీ వెలిగించే ఆట ఆడాం. మేజోళ్లతో నున్నటి నేల మీద జారడం నేర్పాను; పడినప్పుడల్లా "పడింది, లేచింది" అని తనే చెప్పుకునేది. ఆ మాట ప్రదర్శనలోనూ పనికొచ్చింది. ఒక స్కేటర్ గాలిలోకి ఎగిరి, దిగేటప్పుడు మంచు మీద పడిపోతే చుట్టూ ఉన్న పెద్దలు అయ్యో అన్నారు, పాప మాత్రం నిబ్బరంగా తన లెక్క తాను చెప్పింది.

ఎత్తు నుంచి చూస్తేనే తెలిసే సంగతులు ఈ కళలో చాలా ఉన్నాయి. ముందు వరుసలో ఒకరి వెనుక ఒకరు దాటిపోయే కాళ్లు తప్ప ఏమీ అర్థం కాలేదు. పైనుంచి చూస్తే, పదిమందికి పైగా చేతులు కలిపి ఒకే గీతగా నిలబడి, నడుమ ఉన్నవాళ్లు దాదాపు అక్కడికక్కడే తిరుగుతుండగా, చివరలవాళ్లు పెద్ద వలయం చుట్టి రావడం స్పష్టంగా కనిపించింది. ఆఖరున చేరవలసిన అమ్మాయి ఆ కొసను అందుకోవడానికి మంచును బలంగా తన్నుకుంటూ వచ్చింది. "నాన్నా, ఆ అక్క ఒక్కతే ఎందుకంత పరుగెడుతోంది?" అని పాప అడిగింది. రంగులరాట్నంలో అంచున కూర్చున్నవారే ఎక్కువ దూరం తిరగాలి కదా అన్నాను. ఆ తరువాత ఎవరు ఏ వేషంలో వచ్చినా తన కళ్లు ఆ అక్కనే వెతికాయి.

విరామానికి ఒక అంశం ముందే మరుగుదొడ్డికి వెళ్లి వచ్చేశాం కాబట్టి వరుసలో నిలబడే బాధ తప్పింది, మంచును సరిచేసే యంత్రాన్నీ చూడగలిగాం. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ 1949లో ఈ యంత్రానికి రూపం ఇచ్చాడు. స్కేట్ల అంచులు చీల్చిన పైపొరను అది గీకి, కడిగి, వెనుక నుంచి పల్చగా వేడినీళ్లు పరుస్తూ పోతుంది. చన్నీళ్లు కాకుండా వేడినీళ్లు ఎందుకన్నది నాకూ మొదట వింతగానే తోచింది. వేడికి పైమంచు కాస్త కరిగి కొత్త నీటితో కలిసి గడ్డకట్టడం వల్ల గీతలు పూడి అద్దంలా తయారవుతుంది.

రెండో భాగంలో పాప కొంతసేపు నా ఒళ్లో పడుకుంది, నేను లేపలేదు. పిల్లలు ప్రతి అంశమూ చూడాలన్న పంతం పెట్టుకుంటే టికెట్ డబ్బు గుర్తుకొస్తుందే తప్ప ఆట గుర్తుండదు.

ఆట ముగిశాక జనం సర్దుకునే వరకు సీట్లలోనే ఉన్నాం. ఇప్పుడు ఈ మంచును ఏం చేస్తారని పాప అడిగింది. సొంత వేదికతో తిరిగే బృందాలు నేల మీద గొట్టాలు పరిచి, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రవాన్ని ప్రవహింపజేసి, పైన నీటిని పొరలు పొరలుగా పోసి గడ్డకట్టిస్తాయని, వెళ్లేటప్పుడు మంచును తీసేసి గొట్టాలను లారీ ఎక్కిస్తాయని చెప్పాను.

"అక్క కూడా లారీలోనే వెళుతుందా?" అంది. బస్సులో వెళుతుందేమో అన్నాను.