సాయంత్రం ఐదింటి ప్రెస్ నోటు

మొన్న మా పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్, అంటే క్లయింట్ల తరఫున పేపర్లలో వార్తలు వేయించే పని) ఆఫీసు అల్మారా సర్దుతుంటే 2006 నాటి కటింగుల ఫైలు బయటపడింది. ఏ4 కాగితాల మీద గమ్ముతో అంటించిన వార్తలు, పక్కన నా చేతిరాతతో పేపరు పేరు, తేదీ, పేజీ, కింద ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు (పేపర్లో స్థలాన్ని కొలిచే లెక్క) వచ్చిందో లెక్క. ఆ సెంటీమీటర్లని ఆ పేపరు యాడ్ రేటుతో హెచ్చవేసి, సార్ మీకు ఇన్ని వేల రూపాయల పబ్లిసిటీ వచ్చింది అని నెలాఖరున బిల్లుతో పాటు క్లయింటుకి పంపేవాళ్లం. 2010లో ఈ రంగం పెద్దలు బార్సిలోనాలో కూర్చుని, పీఆర్ విలువని యాడ్ రేటుతో కట్టకూడదని తీర్మానం చేశారన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలీలేదు. విశాఖ డాబాగార్డెన్స్‌లో మేం మాత్రం స్కేలు పెట్టి కొలుస్తూనే ఉన్నాం.

నేను ఈ పనిలో చేరింది 2003లో. మధ్యాహ్నం పన్నెండులోపు ప్రెస్ మీట్ అయిపోవాలి, సాయంత్రం ఐదులోపు నోటు చేరాలి, మా బాస్ పెట్టిన రూలు అదొక్కటే. నోటు జిరాక్సులు తీయించి, ఫొటో ప్రింట్లు కవర్లలో పెట్టుకుని స్కూటర్ మీద ఒక్కో పేపరాఫీసూ తిరిగేవాణ్ణి. డెస్కులో సబ్ ఎడిటర్ గారి దయ కలిగితే డబుల్ కాలమ్, లేకపోతే ఏ మూలో మూడు లైన్లు. తర్వాత ఈమెయిల్ వచ్చి తిరుగుడు తగ్గింది గానీ తెలుగు టైపింగుకి వాడే అను ఫాంట్లతో ఇంకో తలనొప్పి పట్టుకుంది. మా దగ్గరున్న వెర్షన్ ఒకటి, వాళ్ల దగ్గరున్నది ఇంకోటి, తెరిస్తే పేజీ నిండా చీమలు పాకినట్టు ఏవో గుర్తులు, మళ్లీ స్కూటరే గతి.

విశాఖలో పేపరంటే మొదట్నుంచీ కాస్త మోజు ఎక్కువే. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది ఇక్కడే, సీతమ్మధారలో. అంతకుముందు విజయవాడ నుంచి రైల్లో వచ్చే పేపర్లు మధ్యాహ్నానికి గానీ చేతికందేవి కావని మా నాన్న చెప్పేవారు. తెల్లారకముందే గుమ్మంలో పేపరు పడటమే ఆ రోజుల్లో స్పీడు.

ఆ స్పీడుకి కాలం చెల్లిందని నాకు గట్టిగా అర్థమైంది 2020 మే 7న. తెల్లవారుజామున మా విశాఖలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. నేను నిద్ర లేచేసరికే ఫోన్లో వీడియోలు, రోడ్డు మీద పడిపోయిన మనుషులవి, పశువులవి. అధికారులో కంపెనీయో నోరు విప్పేలోపే ఊరంతా చూసేసింది. ఆ రాత్రి మళ్లీ లీకైందని కబురు పాకితే జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదకొచ్చేశారు. అంతకు ఐదున్నరేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, మా వీధి చివర ఏం జరిగిందో మాకే తెలీదు గానీ హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చున్న మా చెల్లికి అన్నీ తెలుసు.

ఇక నా సొంత బాగోతం ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట మా క్లయింటు ఒకాయన బిర్యానీ సెంటర్లో (పేరు అడక్కండి, ఇంకా నాకు డబ్బులిస్తున్నాడు) గిన్నెలు తోమే స్టీలు పీచు ముక్క ఒకటి బిర్యానీలో వచ్చింది. తిన్న కుర్రాడు శనివారం రాత్రి రీల్ పెట్టాడు. ఆదివారం పొద్దున్న మా మేనకోడలు నాకు పంపింది, "మావయ్యా, ఇది నీ క్లయింటే కదా" అని. నాకు అలవాటైన పనే నేను చేశాను. "గిట్టనివాళ్లు చేస్తున్న దుష్ప్రచారం" అంటూ ఫుల్ పేజీ నోటు రాసి, అదే రోజు పదకొండింటికి ప్రెస్ మీట్ పెట్టించాను. ఒకప్పుడు ప్రెస్ మీట్ అంటే ఎనిమిది మంది రిపోర్టర్లు, ఎనిమిది టీలు. ఆ రోజు టేబుల్ మీద లోగోల మైకులు పట్టలేదు, సగం యూట్యూబ్ ఛానెళ్లు, రెండింటి పేర్లు నేను అంతకుముందు విననే లేదు. ఓనరు నోటు బాగానే చదివాడు. చివర్లో ఎవరో గుచ్చి గుచ్చి అడిగేసరికి "ఒక్క పీచు ముక్కకి ఇంత రాద్ధాంతమా?" అనేశాడు. అంతే. పావుగంట మాటల్లో ఆ ఒక్క ముక్కా కత్తిరించి, వెనకాల మ్యూజిక్ పెట్టి వదిలారు. అసలు రీల్ చూడని వాళ్లు కూడా సంగతేంటని వెతుక్కుని మరీ చూశారు. సోమవారం పేపర్లో మా ఖండన చదివి, అనకాపల్లిలో ఫోనే వాడని ఓనరు పెదనాన్న గారు "ఏంట్రా, బిర్యానీలో ఏదో వచ్చిందట" అని మనిషి చేత కబురు పెట్టారు.

ఆఫీసులో తల పట్టుకుని కూర్చుంటే మా దగ్గర పనిచేసే అమ్మాయి అడిగింది, "సార్, ఆ అబ్బాయికి ఎవరైనా ఫోన్ చేశారా?" అని. ఎవరం చేయలేదు. నిజంగా ఆ ఆలోచనే రాలేదు, ఎందుకంటే ఇన్నేళ్లూ నేను ఫోన్లు చేసింది రిపోర్టర్లకి. చేస్తే తెలిసిందేమిటంటే, ఆ కుర్రాడు ముందు కౌంటర్లో చెప్పాడు, అక్కడ కూర్చున్నవాడు నవ్వాడు, ఆ నవ్వుకి ఒళ్లు మండి రీల్ పెట్టాడు. అంతకుమించి కుట్రా లేదు, గిట్టనివాళ్లూ లేరు. ఓనరు ఆ రీల్ కిందే తన పేరుతో రాశాడు: "తప్పు మాదే బాబూ. వంటింట్లో స్టీలు పీచు మానేశాం. కౌంటర్లో నవ్వినందుకు ఇంకా సారీ." అక్షరం నాది కాదు. కుర్రాడు దాన్ని పైకి పిన్ చేశాడు, గొడవ రెండ్రోజుల్లో చల్లారింది. నా ఫుల్ పేజీ నోటుకి బిల్లు మాత్రం వేశాను, ఏం చేస్తాం.

ఇప్పుడు కొత్త షాపు ఓపెనింగ్ అంటే పేపర్లకంటే ముందు ఇన్‌ఫ్లుయెన్సర్ల లిస్టు అడుగుతున్నారు. డబ్బు తీసుకున్నా, ఊరికే భోజనం పెట్టించుకున్నా అది ప్రచారమని రీల్‌లో స్పష్టంగా చెప్పాలని 2021లో యాడ్ల కౌన్సిల్ ఆస్కీ, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రచారమైతే పది లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. ఇదంతా క్లయింటుకి చెబితే "యాడ్ అని రాస్తే ఎవడు నమ్ముతాడండీ?" అంటాడు. నీతులు చెప్పే మొహం నాకూ లేదు, ఒకప్పుడు ప్రెస్ మీట్లో నోటుతో పాటు గిఫ్టు బ్యాగులు పంచింది ఈ చేతులే. కాకపోతే రీల్‌లో ఆ చిన్న లేబుల్ లేకపోతే నేను డబ్బు ఇప్పించడం మానేశాను. ఒకరిద్దరు క్లయింట్లు పోయారు.

ఇన్ని మారినా నాకు అంతుపట్టనిది ఒకటుంది. పేపరు కొని చదివేవాళ్లు తగ్గారు గానీ, పేపరు కటింగు ఫొటోకి వాట్సాప్‌లో ఉన్న విలువ దేనికీ లేదు. ఎలక్షన్లప్పుడు చూడండి, అచ్చం పేపర్ల ఫాంటుతో, అదే రంగు హెడ్డింగులతో దొంగ కటింగులు తయారుచేసి తిప్పుతారు. అబద్ధానికి కూడా అచ్చులో పడ్డట్టు కనబడితేనే బలం కాబోలు.

పోయిన నెల ఆ బిర్యానీ ఓనరే ఫోన్ చేశాడు. గాజువాకలో కొత్త బ్రాంచి, రీల్స్ అన్నీ మా ఆఫీసు అమ్మాయే చూసుకుంటోంది. "అవన్నీ సరే గానీ బాబూ, పేపర్లో కూడా చిన్నది వేయించు" అన్నాడు. వేయించాను, లోపలి పేజీలో సింగిల్ కాలమ్, ఫొటో కూడా లేదు. పొద్దున్న ఆరున్నరకి చూస్తే ఆయన వాట్సాప్ స్టేటస్‌లో ఆ కటింగు ఉంది, చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీసి. పక్కన టీ గ్లాసు అంచు కూడా పడింది.