రాళ్ళ వైపు నత్త, అలల వైపు నత్త

మొన్న జులైలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి పైకి, నార్వే బోర్డర్ దగ్గర స్ట్రోమ్‌స్టాడ్ వైపు వెళ్ళాం, మా పాపకి సముద్రం అంటే ప్రాణం కాబట్టి నీళ్ళు కనిపించిన ప్రతిచోటా కారు ఆపాల్సిందే. అలా ఆగిన ఒక చోట ఒక పక్కన గుండ్రాళ్ళు పరుచుకున్న చిన్న ఒంపు, నీళ్ళు చెరువులో ఉన్నంత నెమ్మదిగా ఉన్నాయి, ఇంకో పక్క సముద్రంలోకి పొడుచుకెళ్ళిన నున్నటి బండ, దాని మీద అలలు ఆగకుండా కొడుతున్నాయి. రెండింటికీ మధ్య మహా అయితే రెండు మూడు బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం.

నేను చాలా రోజులుగా చూడాలనుకుంటున్న నత్త ఇదే చోట ఉంటుందని తెలుసు. లిట్టోరినా సాక్సాటిలిస్ దాని పేరు, పోటుకీ పాటుకీ మధ్య తడి రాళ్ళ మీద బతికే చిన్న నత్త. ఇక్కడ పోటు పాటు తేడా ఒక అడుగు ఉంటే గొప్ప, మన విశాఖలో లాగా రాళ్ళు అంతంత బయటపడవు, అందుకే నీటి అంచునే వెతకాలి.

గుండ్రాళ్ళ కింద పాప ఒకటి తీసింది, బండ పగుల్లోంచి నేనొకటి తీశాను. రెండూ అరచేతిలో పెట్టుకుని చూస్తే ఒకే జాతి అని ఎవరూ నమ్మరు. రాళ్ళ దగ్గరిది దాదాపు రెట్టింపు ఉంది, గుల్ల మందంగా, గుల్ల నోరు, అంటే నత్త బయటికొచ్చే కంత, చిన్నది. బండ మీదది బఠాణీ గింజంత, గుల్ల పల్చన, నోరు మాత్రం ఒంటికి మించి పెద్దది. ఇద్దరం వేలితో మెల్లగా తాకాం, రెండూ లోపలికి వెళ్ళిపోయి మూత వేసుకున్నాయి. పాప అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టింది. చిన్నది కాసేపటికే మూత తీసి పాదం బయటికి చాచి నా చర్మాన్ని పట్టుకుంది, చల్లగా తగిలింది. పెద్దది మాత్రం పాప వంద దాటాక కూడా కదల్లేదు.

ఈ తేడా అంతా ఎవరు చంపుతారన్న దాన్ని బట్టే. నెమ్మది నీళ్ళలో గుండ్రాళ్ళ మధ్య పీతలు తిరుగుతాయి, అవి గుల్లని నలిపేస్తాయి, లేదంటే నోటి అంచు నుంచి కొంచెం కొంచెంగా విరుచుకుంటూ పోతాయి. అక్కడ మందం గుల్ల, చిన్న నోరు, తొందరపడి బయటికి రాకపోవడం, ఇవి ఉన్నవే మిగుల్తాయి. అలలు కొట్టే బండ మీద పీత నిలబడలేదు, అక్కడ భయం అల ఈడ్చుకెళ్ళడమే, అందుకే పెద్ద పాదం కావాలి, పగుల్లో దూరేంత చిన్న ఒళ్ళు కావాలి, తాకగానే మూసుకుని కూర్చుంటే పట్టు వదిలిపోతుంది కాబట్టి వెంటనే బయటికి వచ్చి రాయిని పట్టుకోవాలి. పిరికితనం, ధైర్యం కూడా గుల్ల మందంలాగే చోటుని బట్టి వచ్చాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరి ఇంత దగ్గర్లో ఉండి ఎందుకు కలిసిపోవు అంటే, అసలు సంగతి తల్లి దగ్గర ఉంది. దీని చుట్టం లిట్టోరినా లిట్టోరియా గుడ్లని సముద్రంలోకి వదిలేస్తుంది, పిల్లలు వారాల తరబడి నీళ్ళలో కొట్టుకుపోయి ఎక్కడో తేలతాయి. సాక్సాటిలిస్ అలా కాదు, పిల్లల్ని కడుపులోనే పెంచి బుల్లి గుల్లతో సహా అదే రాయి మీద దించుతుంది, అవి జీవితమంతా పాకినా కొన్ని మీటర్లే, కాబట్టి తల్లి బతికిన చోటే బిడ్డ బతుకు. హద్దు దగ్గర రెండు రకాలూ కలుస్తాయి కూడా, మధ్యరకం పిల్లలు పుడతాయి, కానీ ఆ మధ్యరకం కనిపించేది సన్నటి పట్టీలోనే. గుల్ల ఇన్ని తీర్లుగా మారడం వల్లే పాతకాలం శాస్త్రవేత్తలు ఈ ఒక్క జాతికే వందకి పైగా పేర్లు పెట్టేశారు.

స్పెయిన్‌లో గలీసియా తీరంలోనూ ఇదే జరిగింది, కాకపోతే అక్కడ పక్కపక్కన కాదు, పైనా కిందా. పైన పీతలు తిరిగే చోట పెద్ద గరుకు గుల్లలు, కింద అలలు కొట్టే చోట మసెల్స్ (రాళ్ళకి అంటుకుని ఉండే ఆల్చిప్పల్లాంటివి) మధ్య చిన్న నున్నటివి.

పాప అప్పుడే అడిగింది, "అమ్మా, దీన్ని అటు, దాన్ని ఇటు పెడితే ఏమవుతుంది?" అని. సరిగ్గా ఈ పని చేసినవాళ్ళు ఉన్నారు, అదీ మేం నిలబడిన చోటికి దగ్గర్లోనే, షార్నోలో గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ మెరైన్ ల్యాబ్ వాళ్ళు. 1988లో విషపు ఆల్గే పెరిగిపోయి బయట సముద్రంలో ఉన్న చిన్న చిన్న రాతిదిబ్బల మీద నత్తలన్నీ చచ్చిపోయాయి. 1992లో ఆ ల్యాబ్ పరిశోధకురాలు కెర్‌స్టిన్ యోహానెసన్ అలలు కొట్టే అలాంటి ఖాళీ దిబ్బ ఒకదాని మీద పీతల చోటు నుంచి తెచ్చిన పెద్ద నత్తల్ని వదిలారు. ఇక ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నారు. కొద్ది తరాల్లోనే గుల్ల మారడం మొదలైంది, ముప్పై ఏళ్ళకి ఆ దిబ్బ మీదవి అచ్చం అలల రకంలా తయారయ్యాయి, 2024లో ఆ పరిశోధన బయటికొచ్చింది.

కొత్తగా ఏదో పుట్టుకొచ్చి ఇలా కాలేదు. అలల రకానికి కావాల్సిన జీన్స్ ఆ పెద్ద నత్తల్లోనే అక్కడక్కడా దాగి ఉన్నాయి, చుట్టుపక్కల దిబ్బల మీంచి చేరిన నత్తల నుంచి కూడా కొన్ని వచ్చాయి. వీటి క్రోమోజోముల్లో కొన్ని ముక్కలు తిరగబడి ఉంటాయి, అలా తిరగబడిన ముక్కలోని జీన్స్ విడిపోకుండా గుంపుగా బిడ్డకి అందుతాయి, అందుకే సైజూ గుల్లా స్వభావం ఒక సెట్టులా కలిసి మారగలవు. ఒక పరిశోధకురాలు వదిలిన నత్తల మునిమనవళ్ళు మారడం అదే మనిషి తన సర్వీసులోనే చూడటం, ఎంత ఓపిక కావాలో అనిపించింది నాకు.

పాపకి ఇందులో సగం చెప్పాను. విని, "అయితే ముందు వదిలినవి చాలా చచ్చిపోయుంటాయి కదా" అంది. అవునన్నాను.

ఏది ఎక్కడ తీశామో అక్కడే పెట్టాలని తనే పట్టుబట్టింది. చిన్నదాన్ని పగుల్లో పెట్టి నేను వేలు తీసేలోపే రాయిని పట్టేసింది, వెనకాలే అల వచ్చి నా మోచేయి దాకా తడిపింది. పెద్దదాన్ని గుండ్రాయి కింద పెట్టి పాప పక్కనే కూర్చుంది, మేం కారు స్టార్ట్ చేసి పిలిచేవరకూ అది మూత తియ్యలేదు.