అమెరికా డీవీడీ మా ప్లేయర్‌లో పడేదాకా

అక్క డల్లాస్ నుంచి తిరుపతి వస్తూ నాయన కోసం అడవి జంతువుల డాక్యుమెంటరీల సెట్ తెచ్చింది. దుకాణంలో డబ్బు కట్టి కొన్న అసలు డీవీడీలు. మా ప్లేయర్‌లో వేస్తే రీజియన్ తప్పని తెర మీద చూపించి ఆగిపోయింది.

ప్లేయర్ కొన్న షాపులో డిస్కే పాడైందన్నారు. గాంధీ రోడ్డు దగ్గర టీవీలు రిపేరు చేసే అతను మాత్రం డిస్కు కవరునీ ప్లేయర్ వెనక వైపునీ పక్కపక్కన పెట్టి చూపించాడు. కవరు మీద భూగోళం బొమ్మలో 1, ప్లేయర్ మీద 5. "రెండూ బాగానే ఉండాయన్నా, నంబర్లే కుదర్లేదు" అన్నాడు.

డీవీడీల కోసం ప్రపంచాన్ని రీజియన్లనే ముక్కలు చేసి నంబర్లిచ్చారు. అమెరికా, కెనడా 1. యూరప్‌లో చాలా దేశాలు, జపాన్ 2. మనం, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం 5. ఒకచోట సినిమా ఇంకా హాళ్లలో ఆడుతుండగా వేరే దేశంలో ముందే వచ్చిన డిస్కు అక్కడికి చేరకూడదని స్టూడియోల ఆలోచన. కొత్త సినిమాకైతే సరే అనుకుందాం. ఏనుగుల డాక్యుమెంటరీకి ఈ కట్టడి ఎందుకు? డబ్బిచ్చి కొన్నది సొంతింట్లో చూసుకోలేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

డిస్కుని కంప్యూటర్‌లో పెడితే, డ్రైవ్ (డిస్కు పెట్టే భాగం) రీజియన్ మార్చాలా అని తెర మీద అడిగింది. టెన్షన్ పట్టుకుంది. అలా ఐదుసార్లే మార్చగలం, ఆఖరున పెట్టిందే శాశ్వతం. ఆ లెక్క డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి విండోస్ మళ్లీ ఎక్కించినా పోదు. దాని జోలికి వెళ్లలేదు.

దారి ప్లేయర్‌లోనే దొరికింది. చాలా ప్లేయర్లకి రిమోట్‌తో తెరిచే సర్వీస్ మెనూ ఉంటుంది, నొక్కాల్సిన అంకెలు మోడల్‌ని బట్టి మారతాయి. మా మోడల్‌వి ఆ రిపేరు అన్నే రాసిచ్చాడు. ట్రే ఖాళీగా ఉంచి నొక్కితే 5 కనిపించింది. 0 చేశాను, అంటే అన్ని రీజియన్లూ. డిస్కు ఆడింది గానీ బొమ్మ నలుపు తెలుపు! ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని టీవీ బొమ్మకి రెండు పద్ధతులు. అమెరికా డిస్కు ఎన్‌టీఎస్‌సీ, మా పాత డబ్బా టీవీకి పాల్ తప్ప తెలియదు. సెటప్‌లో టీవీ టైప్ పాల్‌కి మార్చగానే రంగులొచ్చాయి.

అక్క ఈసారి బ్లూరే (డీవీడీ తర్వాత వచ్చిన, బొమ్మ ఇంకా స్పష్టంగా ఉండే డిస్కులు) తెస్తానంటోంది. వాటికి అంకెల బదులు అక్షరాలు: అమెరికాది ఏ, మనది సీ. కవరు మీద ఏ, బీ, సీ మూడూ ఉంటేనే కొనమని చెప్పాను. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ అడ్డు లేదు, కానీ వాటికి ప్లేయర్ వేరే కావాలి.