తెరెరే వరసలో చోటు దొరకాలంటే

దక్షిణ అమెరికాలోని పరాగ్వే వెళ్లినవాళ్లు అక్కడి మూలవాసులైన గ్వారానీల సంస్కృతి చూడాలంటే మ్యూజియం ఎక్కడుందని అడుగుతారు. నేనూ అలాగే మొదలుపెట్టి తర్వాత వరస మార్చుకున్నాను. ముందు తెరెరే కలపడం నేర్చుకుంటే మొక్కల పేర్లు, మాట, మర్యాద దాని వెంటే వస్తాయి. తెరెరే అంటే యెర్బా మాతే అనే ఎండు ఆకు మీద చల్లటి నీళ్లు పోసుకుని తాగే పానీయం. అర్జెంటీనాలో వేడి నీళ్లతో తాగేదీ ఈ ఆకే. 2020 డిసెంబరులో యునెస్కో తెరెరేను వారసత్వ జాబితాలో చేర్చింది. పానీయం ఒక్కదాన్నే కాదు, దాని వెనకున్న ‘పొహా ఞన’ను, అంటే మందు మొక్కల తెలివిడిని కూడా కలిపి చేర్చింది. అందుకే పని బజారులో మొదలవుతుంది.

రాజధాని అసున్సియోన్‌లో మెర్కాదో క్వాత్రో అనే బజారుకి పొద్దున్నే వెళ్లాలి. అక్కడి వేసవిలో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎండ 40 డిగ్రీల దగ్గర ఆడుతుంది, పది దాటితే కట్టల మీద ఆకులు వడలిపోతాయి. పచ్చిమొక్కలు అమ్మే ఆడవాళ్లను యుయెరాలంటారు. పక్కనే చెక్క రోలు, రోకలి ఉంటాయి. మొక్క పేరు తెలియకపోయినా ఇబ్బంది లేదు; కడుపు బరువా, వేడి చేసిందా, నిద్ర పట్టడం లేదా అన్నది చెబితే చాలు, రెండు మూడు రకాలు ఆవిడే ఏరి దంచి ఇస్తుంది. ‘పొహా రొయ్‌సా’ అంటే చలువ చేసే మందు. ఒంటికి చలువ చేసేది, వేడి చేసేది అన్న లెక్క మనకు కొత్తగా నేర్పక్కర్లేదు. నిమ్మగడ్డిని అక్కడ కపిఇ సెద్రోన్ అంటారు, పుదీనా జాతి మొక్కను మెంతాఇ అంటారు. తెలిసిన ఈ రెంటితో మొదలుపెట్టడం మేలు. గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. అన్నీ అందరికీ పడే ఆకులు కావు. 2,000, 5,000 గ్వారానీల చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. అవును, డబ్బు పేరు కూడా గ్వారానీయే.

దంచడం అంటే కాడలు చిట్లి వాసన వచ్చేదాకా మాత్రమే. పచ్చడిలా నూరితే నీళ్లు మడ్డిగా మారతాయి. ఈ ఆకు వెళ్లేది నీళ్ల కూజాలోకి, తాగే కొమ్ము గ్లాసులోకి కాదు. మొదటిసారి చాలామంది తప్పేది ఇక్కడే. రెండు లీటర్ల నీళ్లకు గుప్పెడు ఆకు, కూజా సగం వరకు ఐసు. కడుపు సున్నితమైతే సీలు వేసిన నీళ్లే కొని, ఐసు కూడా ఆ నీళ్లతో చేసిందే వాడండి.

ఇక గ్వాంపా. ఆవు కొమ్ముతోనో చెక్కతోనో చేసిన గ్లాసు అది. యెర్బాను మూడింట రెండు వంతులు నింపి, మూతి మీద అరచెయ్యి మూసి, తలకిందులు చేసి రెండుసార్లు కుదపాలి. సన్నటి పొడి చేతికి అంటుకుని పైకి వస్తుంది, ముతక ఆకు అడుగుకి చేరుతుంది. ఈ పని మానేస్తే పొడంతా బొంబిల్యా జల్లెడలో ఇరుక్కుంటుంది. బొంబిల్యా అంటే అడుగున చిల్లులున్న లోహపు గొట్టం. తర్వాత గ్వాంపాను పక్కకి వంచి ఆకు ఒక గోడకి ఒరిగేలా చేసి, ఖాళీ వైపున గొట్టం దించి, ఆ పక్కనే కొద్దిగా నీళ్లు పోసి వదిలెయ్యాలి. ఈ మొదటి నీళ్లు సంతో తోమాస్‌వి, అంటే సెయింట్ థామస్ తాగడానికి వదిలినవి అని చెబుతారు. అసలు పని వేరే: ఎండు ఆకు నీళ్లు పీల్చి ఉబ్బి ఒకచోట గట్టిపడుతుంది. రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. ఆ తర్వాత గొట్టాన్ని కదపకూడదు. చెంచాలా తిప్పారంటే గట్టు విరిగి జల్లెడ మూసుకుపోతుంది, అప్పుడు బయటకు తీసి కడగడం తప్ప దారి లేదు.

వడ్డించేది ఒక్కరే, సెబదోర్. చేదుగా ఉండే మొదటి గుక్కలు తనే తాగి, తర్వాత వరసగా అందిస్తాడు. అందుకున్నవాళ్లు గుర్రుమని చప్పుడు వచ్చేదాకా మొత్తం తాగి అతనికే తిరిగివ్వాలి, పక్కవాళ్లకి కాదు. చప్పుడు చేయడం అమర్యాద కాదు. ‘గ్రాసియాస్’ (థాంక్స్) మాత్రం ఆఖరున అనాలి. మొదటిసారే అంటే ‘నాకింక వద్దు’ అని అర్థం, మళ్లీ మీదాకా రాదు. ఎంగిలి మాట మనవాళ్లకి తప్పక గుర్తొస్తుంది: అందరిదీ ఒకటే గొట్టం. యునెస్కో గుర్తింపు వచ్చిన 2020లోనే కోవిడ్ వల్ల ఎవరి గ్వాంపా వాళ్లదే అన్న జాగ్రత్త కూడా వచ్చింది. సొంత గ్వాంపా, బొంబిల్యా వెంట తీసుకెళ్తే సరి, ఎవరూ తప్పుపట్టరు.

వరసలో కూర్చుంటే భాష చెవిన పడుతుంది. గ్వారానీ అడవి పల్లెల్లోని మూలవాసుల భాష మాత్రమే కాదు; 1992 రాజ్యాంగం దాన్ని స్పానిష్‌తో సమానంగా అధికార భాష చేసింది. రెండూ కలిపి మాట్లాడటాన్ని జొపారా అంటారు. తెలుగువాళ్లకి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ‘మనం’, ‘మేము’ అన్న తేడా అక్కడా ఉంది: ఞందే అంటే మనం, ఒరే అంటే మేము. పక్కవాడు ‘ఒరే రోగ’ అంటే తిట్టాడని ఉలిక్కిపడకండి, ‘మా ఇల్లు’ అంటున్నాడు. ప్రశ్న కూడా మనలాగే మాట చివర చేరుతుంది. ‘రెయిపొతా’ అంటే నీకు కావాలి, ‘రెయిపొతాపా’ అంటే కావాలా? కష్టపెట్టేది నీళ్ల పేరు. అది ఒకే ఒక్క అచ్చు. పెదవులు ‘ఇ’కి లాగి పెట్టి, నాలుకని ‘ఉ’ అన్నట్టు వెనక్కి తీసుకోవాలి. ఇగ్వాసు జలపాతం పేరులో మొదటి అక్షరం అదే; ఆ పేరుకి అర్థం పెద్ద నీళ్లు.

బొలీవియాతో జరిగిన చాకో యుద్ధంలో (1932–35) పొయ్యి వెలిగిస్తే పొగ శత్రువు కంటపడుతుందని సైనికులు చల్లటి నీళ్లు పోసుకున్నారనీ, తెరెరే అలా పుట్టిందనీ చెబుతారు. ఆచారం అంతకంటే చాలా పాతది. పుచ్చకాయ తిన్నాక తెరెరే తాగితే ప్రాణానికి ముప్పన్న నమ్మకం మాత్రం ఇంటింటా ఉంది. వాదించకండి, రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

రుచి పలచబడ్డాక ఆకు పారబోసి కొత్తది నింపాలి. కొమ్ము గ్వాంపాను వట్టి నీళ్లతో కడిగి, బోర్లించి నీడలో ఆరబెట్టండి. తడి ఆకుతో రాత్రంతా వదిలేస్తే మర్నాటికి బూజు వాసన పట్టేస్తుంది, అది ఒక పట్టాన వదలదు.