గ్రాఫ్ట్ తేటగా ఉందంటారు, మరి చూపు ఏది?

కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి తేట పొర) మార్పిడి అయిన నెలకి చెకప్‌కి వెళ్తే, డాక్టరుగారు స్లిట్‌ల్యాంప్‌లో (కంటిని వెలుగు వేసి పెద్దగా చూపించే పరికరం) చూసి "గ్రాఫ్ట్ (దాత నుంచి తెచ్చి వేసిన పొర) క్లియర్‌గా ఉంది, చాలా బాగుంది" అంటారు. కుర్చీలో కూర్చున్న మనిషికేమో చార్టులో పెద్ద అక్షరం దాటి కిందికి దిగదు. బాగుందంటున్నారు, నాకైతే మసకే అని ఇంటికొచ్చి దిగులు పడతారు. ఇద్దరూ చెప్పేది నిజమే. డాక్టరుగారు చూసింది అద్దం తేటగా ఉందా అని. చూపు రావాలంటే ఆ అద్దం వంపు కూడా కుదరాలి. కంటిలోకి వచ్చే వెలుగుని ఒకచోటికి చేర్చే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియాదే మరి.

ముందు మీ డిశ్చార్జి కాగితంలో ఏ ఆపరేషనని రాశారో చూసుకోండి. పక్కింటివాళ్ల బంధువుకి నెలలో చూపొచ్చిందని, మనకి రాలేదని బాధపడేవాళ్లలో చాలామంది రెండు వేర్వేరు ఆపరేషన్లని పోల్చుకుంటున్నవాళ్లే.

పీకే (PK) అని ఉంటే కార్నియా మొత్తం మందం మార్చారన్నమాట. దాత కార్నియా నుంచి ఏడున్నర, ఎనిమిది మిల్లీమీటర్ల బిళ్ల తీసి, వెంట్రుక కంటే సన్నని 10-0 నైలాన్ దారంతో, ఎక్కువగా 16 కుట్లు వేసి బిగిస్తారు. కథంతా ఆ కుట్లలోనే ఉంది. మృదంగం మూతకి చుట్టూ వార్లు బిగించి ఉంటాయి కదా, ఒక్క వారు ఎక్కువ బిగిసినా ఆ వైపు శ్రుతి మారిపోతుంది. కార్నియా కూడా అంతే. ఒక కుట్టు బిగుతుగా ఉంటే ఆ దిశలో వంపు నిటారుగా లేస్తుంది, దానికి అడ్డదిశలో చదునవుతుంది. అక్షరాలు సాగినట్టు, ఒకదానికి నీడ పడ్డట్టు కనిపించేది అందుకే. సిలిండర్ పవర్ అనేది దీన్నే.

మరి కుట్లు వెంటనే తీసేయొచ్చుగా? తీయకూడదు. కార్నియాలో రక్తనాళాలు లేవు. అవి లేవు కాబట్టే శరీరం ఇంకొకరి కార్నియాని అంత తేలిగ్గా పట్టుకుని తోసేయదు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే కంటి డాక్టరు ఇప్పటి చెక్ దేశంలోని ఓలొమౌత్స్‌లో చేసిన, విజయవంతమైన మొదటి మార్పిడి, మ్యాచింగులూ ఇప్పటి మందులూ లేకుండానే నిలబడిందంటే కారణాల్లో ఇదొకటి. కానీ రక్తం అందనిచోట గాయం మానడమూ నిదానమే. అందుకే మామూలుగా ఏడాది, ఏడాదిన్నర పాటు కుట్లుంటాయి. విడివిడి కుట్లయితే మూడు నెలలు దాటాక టోపోగ్రఫీ (కార్నియా వంపుల పటం) తీసి, ఎక్కువ లాగుతున్న ఒకటో రెండో తీస్తారు. తీసిన ప్రతిసారీ పవర్ మారుతుంది. కాబట్టి ఈ మధ్యకాలంలో ఖరీదైన కళ్లజోడు చేయించుకోకండి. అవసరమైతే మామూలు ఫ్రేములో తాత్కాలికంగా సరిపెట్టుకోండి. కుట్లన్నీ తీశాక కూడా 3 నుంచి 5 డయాప్టర్ల (పవర్‌ని కొలిచే లెక్క) సిలిండర్ మిగలడం అరుదేమీ కాదు. అంత పవర్ కళ్లజోడుకి లొంగకపోతే గట్టి కాంటాక్ట్ లెన్సు గానీ, తెల్లగుడ్డు మీద ఆనుకునే స్క్లెరల్ లెన్సు గానీ వాడతారు. ఆ లెన్సుకీ గ్రాఫ్ట్‌కీ మధ్య కన్నీరో సెలైనో నిండి ఎగుడుదిగుడులని కప్పేస్తుంది. లెన్సు అనగానే ఆపరేషన్ ఫెయిలైందనుకోవద్దు, చికిత్సలో అదీ ఒక భాగమే.

డీసెక్ (DSEK), డీమెక్ (DMEK) అని ఉంటే లోపలి పొర మాత్రమే మార్చారు. వీటికి పైన అన్ని కుట్లుండవు కాబట్టి చూపు వారాల్లో, కొద్ది నెలల్లో తేరుకుంటుంది. ఇక్కడ కష్టమంతా మొదటి రోజుల్లోనే. పొరని అంటించి ఉంచేది కంట్లో వదిలిన గాలి బుడగ. అది పైకి తేలుతుంది కాబట్టి దిండు తీసేసి వెల్లకిలా, పైకప్పు చూస్తూ పడుకోవాలి. ఎన్ని గంటలన్నది మీ డాక్టరుగారు చెప్పినంత. పొర అంచు ఊడితే మళ్లీ గాలి నింపాల్సి వస్తుంది. గాలి బదులు గ్యాస్ వేసి ఉంటే, అది కరిగిందని చెప్పేదాకా విమానం ఎక్కకూడదు.

ఇక చుక్కల మందు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సీసా ఒక్కసారి వెలుతురుకి పెట్టి చూడండి, తెల్లటి పొడి అడుక్కి దిగి ఉంటుంది. బాగా ఊపకుండా వేస్తే కంట్లో పడేది చాలావరకు నీళ్లే. ఒక్క చుక్క చాలు. కన్ను మూసుకుని ముక్కు పక్క మూలని నిమిషం పాటు మెల్లగా నొక్కి ఉంచాలి, రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగాలి. ఎరుపు తగ్గిందని మానేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. మొదట్లో రోజుకి ఆరేడుసార్లున్నది నెలల తరబడి మెట్లు మెట్లుగా తగ్గాలి. చాలామందికి రోజుకొక చుక్క ఏళ్లపాటు ఉంటుంది. ఇదే మందు కొందరిలో కంటి ప్రెజర్ పెంచుతుంది. దానివల్ల నీటికాసుల జబ్బు (గ్లకోమా) నొప్పి లేకుండా వస్తుంది కాబట్టి, బాగానే ఉందని చెకప్ ఎగ్గొట్టకూడదు. వరి ఆకో, చెత్తో తగిలి ఫంగస్ పట్టిన కంటికి గ్రాఫ్ట్ వేసి ఉంటే స్టెరాయిడ్ లెక్క పూర్తిగా వేరు. ఇంకొకరి చీటీ చూసి వాడితే ఫంగస్ తిరగబెడుతుంది.

రోజూ పొద్దున్నే ఒక పని చేయండి. రెండో కంటిని నొక్కకుండా అరచేత్తో మూసి, గోడమీది తెలుగు క్యాలెండరుని ఒకే చోట నిలబడి చూడండి. తేదీ అంకె కనిపిస్తోందా, కింద తిథి అక్షరాలు ఎంతవరకు తెలుస్తున్నాయి? నిన్నటి కంటే మసకైందన్నా, కన్ను ఎర్రబడిందన్నా, వెలుతురు భరించలేకపోతున్నారన్నా, నొప్పి ఉందన్నా ఆ రోజే బయల్దేరాలి. ఇవి రిజెక్షన్ (శరీరం గ్రాఫ్ట్‌ని తోసేయడం) గుర్తులు. ఇవి ఐదేళ్ల తర్వాత కూడా రావచ్చు. మొదట్లోనే పట్టుకుంటే గంటగంటకీ వేసే స్టెరాయిడ్‌తో చాలా గ్రాఫ్టులు నిలబడతాయి, వారం చూద్దామంటే చేయిదాటుతుంది. నిద్ర లేవగానే మసగ్గా ఉండి మధ్యాహ్నానికి తేటపడుతుంటే అదీ చెప్పండి. లోపలి కణాలు నీటిని తోడలేకపోతున్నాయేమో చూడాలి.

ఇసుక పడ్డట్టు గరగరలాడుతూ నీరు కారుతుంటే కుట్టు వదులైందేమో అనుమానించాలి. వదులైన కుట్టు చుట్టూ పుసి చేరుతుంది, దాని వెంటే సూక్ష్మజీవులు దిగుతాయి, రక్తనాళాలు పాకి రిజెక్షన్‌కి దారి వేస్తాయి. ఇంట్లో ఎవరూ దాన్ని లాగొద్దు. ఆస్పత్రిలో ఐదు నిమిషాల పని అది. తీసిన తర్వాత ఇచ్చే మందులు కూడా పూర్తిగా వాడాలి.

పీకే గాయం ఎప్పటికీ పుట్టు కార్నియా అంత గట్టిపడదు. కన్ను నలపకండి, రాత్రుళ్లు షీల్డు పెట్టుకోండి. ఎద్దు కొమ్ము, చంటిపిల్లల వేళ్లు, బండి మీద ఎదురుగాలి, ఇవన్నీ ఏళ్ల తర్వాతైనా ప్రమాదమే, కళ్లజోడు అడ్డం ఉండాలి.

ఒక మాట మాత్రం ఆపరేషన్‌కి ముందే అడిగి తెలుసుకోవాలి. చిన్నప్పటి నుంచి పువ్వు పడి ఉన్న కంటికీ, రెటీనా (కంటి వెనక తెర) గానీ కంటి నరం గానీ దెబ్బతిన్న కంటికీ కార్నియా ఎంత తేటగా ఉన్నా చూపు ఒక హద్దు దాటి రాదు. అక్కడ మందులతో, లెన్సులతో ఇంకా ఏదో జరుగుతుందని ఊళ్లు తిరగడం వృథా.

ఊరు దూరమైతే, దగ్గర్లో స్లిట్‌ల్యాంప్ ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ల విజన్ సెంటర్లు చాలా పల్లెల దరిదాపుల్లో ఉన్నాయి. ఆపరేషన్ కాగితం, వాడుతున్న చుక్కల మందు సీసాలు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించి ఉంచండి.